గేట్ల ఊరిలో నడకలు

ఫిబ్రవరిలో కువైట్‌లో రెండు మూడు వానలు వరసగా పడితే, రుమైథియాలో మా మందుల షాపు ఎదురుగా ఉన్న పార్కులో గడ్డి ఒక్కసారిగా ఏపుగా లేస్తుంది. దాన్ని కోయడానికి మునిసిపాలిటీ మనుషులు మిషన్లు తెచ్చిన రోజున ఆ తడి గడ్డి వాసన రోడ్డు దాటి, షాపు అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి వచ్చి, స్పిరిట్ వాసనను పక్కకు నెట్టి, కౌంటరు దగ్గర మాత్రలు లెక్కపెడుతున్న నా చేతుల్ని కాసేపు ఆపేస్తుంది. నాతో పనిచేసే ఖాదర్ బాషాగారిది రాయచోటి. ఆ వాసన వస్తే ఆయనకు వాళ్ళ శనగచేను గట్టు గుర్తొస్తుందట. అందరికీ అలాగే సొంత ఊరు గుర్తు రావాలి కాబోలు. నాకు మాత్రం ఇంగ్లండులో నేను తొమ్మిది వారాలే ఉన్న ఒక పాత పల్లె గుర్తొస్తుంది. ఆ పల్లె పేరు మా అమ్మ నోట ఏనాడూ సరిగా పలకలేదు. ఏ దారిన పోయినా మూడు వందల అడుగులకొక గేటు తగిలేది కాబట్టి ఆమె దాన్ని గేట్ల ఊరు అనేది. మా ఇంట్లో ఇప్పటికీ దాని పేరు అదే.

అసలు నేను పెరిగింది ఈ రుమైథియాలోనే, నాలుగు వీధుల అవతల, ఒక కువైటీ ఇంటి వెనక గదిలో. మా అమ్మ ఓబులమ్మ ఆ ఇంట్లో వంట చేసేది, నాన్న ఆ ఇంటి కారు నడిపేవాడు. ఇద్దరిదీ రాయచోటి పక్క పల్లె. పనివాళ్ళు పిల్లల్ని తమతో ఉంచుకోవడం అప్పుడూ అరుదే. ఆ ఇంటి పెద్దావిడ సరేనంది కాబట్టి నాకు కుదిరింది. ఆమెను ఇంటిల్లిపాదీ యుమ్మా అని పిలిచేవాళ్ళు, అంటే అమ్మా అని. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆమె కోడలు, అంటే మా అమ్మకు పని చెప్పే ఇంటావిడ, మాకు మామా. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని అలాగే పిలుస్తారు. తెల్లారుతూనే ఏలకుల కాఫీ, ఖర్జూరాలు, మధ్యాహ్నానికి పెద్ద సత్తు పళ్ళెంలో నిమ్మకాయలు ఎండబెట్టి వేసిన మాంసం అన్నం, సాయంత్రం బొగ్గుల మీద ఊదుధూపం. రంజాన్ నెల నడిమిలో సంచులు కట్టుకుని ఇంటింటికీ పోయి పిల్లలం పోగు చేసుకునే బాదం పప్పులు, చక్కెర బిళ్ళలు. శుక్రవారం మాత్రం మా వెనక గదిలో అమ్మ కెలికే రాగి సంగటి, శనక్కాయల ఊరిబిండి, ఆ వాసన పట్టి మెల్లగా నడిచొచ్చి మా గడప మీద కూర్చునే యుమ్మా. మా బడిలో ఇంగ్లీషు, ఇంట్లో అమ్మతో తెలుగు, వంటింటి తలుపు దాటితే అరబ్బీ. ఎప్పుడు ఏ భాషలోకి మారానో కూడా తెలియకుండానే పెరిగాను.

నాకు పదేళ్ళప్పుడు యుమ్మా మోకాళ్ళు పూర్తిగా పోయాయి. లండన్‌లో రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చేయించారు. రోజూ నడిస్తేనే కాళ్ళు పనికొస్తాయి, లేకపోతే ఇక చక్రాల కుర్చీయే గతి అని డాక్టరు గట్టిగా చెప్పాడు. కువైట్‌లో ఎండాకాలం గడప దాటే పరిస్థితి ఉండదు. అందుకని లండన్‌కు దూరంగా, చల్లగా ఉండే ఒక పల్లెలో వేసవి మొత్తానికి ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వండి పెట్టడానికి, నడిపించడానికి మా అమ్మ. అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, యుమ్మాకూ రాదు. "ఈ పిల్ల నా నాలుక, ఇది రాకపోతే నేనూ పోను" అని యుమ్మా మొండికేసింది. అలా ఆ ఇద్దరి మాట మోసే పని మీద నేను విమానం ఎక్కాను.

గేట్ల ఊరు మొత్తం కలిపి నలభై ఇళ్ళుంటాయేమో. తేనెరంగు రాతి గోడలు, కొన్నింటికి మన బోదకొట్టాల్లాగే గడ్డి కప్పులు, కాకపోతే దువ్వి కత్తిరించినంత నున్నగా ఉండేవి. ఒక చెరువంత కూడా లేని నీటిగుంట, దాంట్లోంచి వచ్చి రోడ్డుకు అడ్డంగా నడిచే బాతులు, వాటి కోసం ఆగే కార్లు. వందల ఏళ్ళ నాటి చర్చి, ఆవరణలో ఒకదానివైపు ఒకటి ఒరిగిపోయిన సమాధి రాళ్ళు, పేర్లు పాచి పట్టి చెరిగిపోయి ఉండేవి. ఊరి చివర ఒక ఇనుప గేటు, దాని అవతల ఎప్పుడో ఒక జమీందారు తన భవనం చుట్టూ వదిలేసిన మైళ్ళకొద్దీ పచ్చిక, దూరదూరంగా ఒంటరి సింధూర వృక్షాలు, వాటి నీడలో మందలు మందలుగా చుక్కల జింకలు, నడుమ సన్నటి సరస్సు. చెట్లన్నిటికీ అడుగు భాగం ఒకే ఎత్తులో కోసినట్టు ఉండేది. జింకల నోరు అందినంత మేర మేసేశాయని అమ్మ చూడగానే చెప్పింది.

మొదటి వారం యుమ్మా కిటికీ దగ్గర కుర్చీ వదలలేదు. వాన పడుతుంటే వాన అనేది, ఆగితే నేల తడి అనేది, ఆరితే మోకాలు లాగుతోందనేది. అమ్మ బతిమాలలేదు. ఒకరోజు ఉదయం మసాలా టీ ఫ్లాస్కులో పోసి, రొట్టెలు గుడ్డలో చుట్టి, "టీ అంతా నీటిగుంట కాడ తాగుదాం యుమ్మా, ఇంట్లో లేదు" అని తనకొచ్చిన అరబ్బీలో చెప్పి బయటికి నడిచింది. టీ లేనిదే యుమ్మాకు పూట గడవదు. నల్ల అబాయా కింద తెల్ల బూట్లు, చేతిలో కర్ర, తిట్టుకుంటూ వెనకే వచ్చింది. మరుసటి రోజు టీ చర్చి బెంచీ దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఇనుప గేటు దగ్గరికి. రెండు వారాలకు సరస్సు గట్టు మీద కూర్చుని తాగేవాళ్ళం. పూల నైలాన్ చీర మీద నాన్న కోటు, కాళ్ళకు ఆ అద్దె ఇంటి యజమానులు వసారాలో వదిలేసిన మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుని ముందు అమ్మ, మధ్యలో యుమ్మా, వెనక నేను. కుక్కల్ని నడిపిస్తూ ఎదురైనవాళ్ళు ఆశ్చర్యం దాచుకుని, వాతావరణం బాగుందనేవాళ్ళు. నేను వెనక నుంచి బాగుందని జవాబు చెప్పేదాన్ని.

దారులంటే రోడ్లు కావు. ఎవరి పొలంలోంచో, ఎవరి గోధుమచేను నడిమిలోంచో పోయే కాలిబాటలు. కంచె వచ్చిన చోట దాటడానికి రెండు చెక్కమెట్లు, లేదా మనిషి వెనక మనిషి మాత్రమే పట్టే చిన్న గేటు, పక్కన గుంజకు పసుపు రంగు బాణం గుర్తు. ఆ బాణం ఉన్న చోట ఎవరైనా నడవొచ్చనీ, పొలం ఆసామి కాదనడానికి వీల్లేదనీ పోస్టాఫీసు ఆవిడ చెబితే విని నేను అమ్మకు చెప్పాను. అమ్మ నమ్మలేదు.

"ఎవురి చేన్లోనైనా ఎవురైనా నడ్సొచ్చా? కొట్టరా?"

"కొట్టరంట మా. కానీ దోవ ఇడ్సిపెట్టి పక్కకు పోగూడదంట."

ఆ దారుల్లో నేను నేర్చినవి ఏ బడిలోనూ నేర్వలేదు. దురదాకు తగిలితే పక్కనే మొలిచే వెడల్పాకు నలిపి రుద్దాలని అక్కడే తెలుసుకున్నాను. గడ్డిలో పూసే తెల్లటి చిన్న పూలతో దండ అల్లడం పోస్టాఫీసు ఆవిడ నేర్పింది, అమ్మ ఆ దండను మల్లెమాల కట్టినట్టు బిగించి కట్టడం ఆవిడకు నేర్పింది. బాట మీద గుండ్రటి రాళ్ళు ఏరుకుని సమాధుల పక్క గట్టు మీద అమ్మా నేనూ అచ్చనగండ్లు ఆడుతుంటే యుమ్మా కర్రతో ఎన్ని పడ్డాయో లెక్క చెప్పేది. ఆవిడ మాకంటే మేలైన ఆటగత్తె అని నాలుగో రోజు తేలింది. చిన్నప్పుడు ఎడారిలో అదే ఆట ఆడేవాళ్ళట, పేరు ఒక్కటే వేరు.

జూలైలో ఒక మధ్యాహ్నం యుమ్మా సింధూర వృక్షం కింద కునుకు తీస్తుంటే అమ్మ నా జుట్టు విప్పి మళ్ళీ జడ వేస్తూ చెప్పింది.

"సెప్టెంబరుకు నువ్వు ఊర్లో అవ్వ కాడికి పోవల్ల పాపా. ఆడ్నే బడిలో ఏస్చాము."

"ఎందుకు?"

"మామా చెప్పింది. పెద్దపిల్లవైతాండావు, ఇంట్లో మగపిల్లోల్లు ఉండారు, ఇంగ బాగుండదు అనింది."

"నువ్వు సరే అన్న్యావా?"

"ఇల్లు వాళ్ళది మే. నేనేం చెప్పేది?"

అవ్వ ఊరికి నేను రెండుసార్లే పోయాను. రెండుసార్లూ అక్కడి పిల్లలు నా మాట విని నవ్వారు. జడ సగంలో లాక్కుని లేచి నిలబడ్డాను. ఏడవలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేయాలనిపించింది, నా చేతిలో ఉన్నది ఒక్కటే. ఆ రోజు నుంచి వాళ్ళ కోసం ఇంగ్లీషులో ఒక్క మాటా మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. మరుసటి రోజు అంగట్లో అమ్మ ఒక్కతే సీసాలు చూపించి పాలనుకుని మజ్జిగ కొనుక్కొచ్చింది, టీ విరిగిపోయింది. ఆమె నావైపు చూసింది కానీ తిట్టలేదు. దాంతో నాకు ఇంకా మండిపోయింది.

మూడో రోజు పొద్దున్నే వాన వెలిసింది. సరస్సు దాటి, గొర్రెలు మేసే వాలు పక్కగా పోతున్నాం. అమ్మ ఉన్నట్టుండి ఆగింది. బాటకు నూరు అడుగుల దూరంలో, చిన్న గుంతలో, ఒక లావుపాటి గొర్రె వెల్లకిలా పడి ఉంది. నాలుగు కాళ్ళూ ఆకాశం వైపు, పొట్ట ఉబ్బి, ఒక కాలు మాత్రం అప్పుడప్పుడూ కొట్టుకుంటోంది. పక్కన కంచె మీద రెండు కాకులు కూర్చుని ఉన్నాయి.

"అయ్యో, ఎల్లకిల పడింది" అంది అమ్మ. "బొచ్చు తడిసి బరువైంటాది. దాని అంతకది లేయలేదు. ఇట్లనే ఇడ్సిపెడితే కడుపుబ్బి సచ్చిపోతాది."

చీర బొడ్లో దోపుకుని బాట వదిలేసి దిగింది. మా అమ్మ పుట్టింటివాళ్ళు గొర్రెల కాపర్లని నాకు తెలుసు, కానీ తెలియడం వేరు. ఆమె ఆ గొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేయి మెడ దగ్గర, ఒక చేయి తొడ దగ్గర బొచ్చులోకి జొనిపి, పెద్ద బియ్యం బస్తాను ఎత్తేటప్పుడు చేసే శబ్దం చేసి ఒక్క ఊపున దాన్ని దొర్లించింది. గొర్రె నిలబడింది, వెంటనే అటు వైపు ఒరిగిపోసాగింది. అమ్మ ఒక్కతే పట్టుకుంది, కాళ్ళు జారుతున్నాయి.

నా పక్క నుంచి యుమ్మా కదిలింది. వాలు దిగొద్దని డాక్టరు చెప్పిన మనిషి, కర్ర పచ్చికలో పారేసి, అబాయా రెండు చేతులా ఎత్తిపట్టుకుని దిగి, గొర్రెకు రెండో వైపున నిలబడి తన కొత్త మోకాళ్ళతో దాన్ని అదిమిపట్టింది. "వదలకు ఓబులా, దాని తల ఇంకా తిరుగుతోంది, రక్తం కాళ్ళలోకి దిగాలి" అంది అరబ్బీలో. ఆమె తండ్రి, చమురు రాకముందు, జహ్రా అవతల ఎడారిలో గొర్రెలు మేపుకున్నవాడు. ఇద్దరూ నడిమిలో గొర్రెను పెట్టుకుని, రెండు గోడల్లాగా నిలబడ్డారు. దాని ఊపిరి వాళ్ళ బట్టల మీద ఆవిరి కక్కుతోంది.

అప్పుడే వాలు పైనుంచి నాలుగు చక్రాల చిన్న బండి గుడగుడమంటూ వచ్చింది. దాని మీద ఎర్రటి ముఖం, బురద బూట్లు ఉన్న ముసలి కాపరి. వెనక నలుపు తెలుపు కుక్క. దూరం నుంచే అరిచాడు: ఏం చేస్తున్నారు, వదలండి, బాట వదిలి ఎందుకు దిగారు, పోలీసుల్ని పిలుస్తాను అని. అమ్మ తల ఎత్తి నవ్వబోయింది. ఆ నవ్వుకు అతను ఇంకా మండిపడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"మాట్లాడు మే!" అంది అమ్మ. "చెప్పు ఆయప్పకు!"

నేను మాట్లాడలేదు. ఆ కాసేపు నాకు ఈ రోజుకీ బాగా గుర్తు. నా నోట్లో వాక్యం సిద్ధంగా ఉంది, తప్పు లేకుండా, మొత్తంగా. అయినా పెదవులు బిగించి నిలబడ్డాను. వాళ్ళు నన్ను పంపించేస్తారు కదా, నేను లేకపోతే ఎలా ఉంటుందో చూడనీ అనుకున్నాను. కాపరి ఫోను చెవిన పెట్టుకున్నాడు. యుమ్మా కుడి కాలు వణకడం అబాయా అంచులో కనిపించింది. అయినా ఆమె కాలు తీయలేదు. అమ్మ మళ్ళీ నన్ను అడగలేదు. తల వంచి గొర్రెను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆమె నన్ను అడగడం మానేసిందని గ్రహించగానే నాకు భయం పుట్టింది.

"అది వెల్లకిలా పడిపోయి ఉంది!" అని ఇంగ్లీషులో గట్టిగా అరిచాను. "మా అమ్మ దాన్ని లేపింది. మా అమ్మకు గొర్రెలు తెలుసు. ఆ పెద్దావిడకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది, దయచేసి ఆవిడ చోటులో మీరు నిలబడండి!"

కాపరి ఫోను దించాడు. గుంతలో నలిగిన గడ్డిని, అక్కడ గిట్టలు కొట్టుకున్న గుర్తుల్ని, కంచె మీది కాకుల్ని చూశాడు. ఇంకో మాట లేకుండా దిగి వచ్చి, యుమ్మాను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి, ఆమె చోటులో తన మోకాళ్ళు ఆనించాడు. నేను యుమ్మా చేయి పట్టుకున్నాను. ఆమె బరువంతా నా భుజం మీద పడింది. ఇంకాసేపటికి గొర్రె తనంత తాను రెండడుగులు వేసి, ఒళ్ళు విదిల్చుకుని, మమ్మల్నెవరినీ ఎరగనట్టుగా మందలోకి పోయింది. కాపరి టోపీ తీశాడు. ఆ ఏడు వానలవల్ల బొచ్చు కత్తిరింపు ఆలస్యమైందనీ, ఇంకో గంట పోతే కాకులు కళ్ళు పొడిచేవనీ చెప్పాడు. నేను అమ్మకు చెప్పాను.

"మా కాడ గూడా కాకులే" అంది అమ్మ. "చెప్పు."

చెప్పాను. అతను నవ్వి, మురికి చేయి ప్యాంటుకు తుడుచుకుని అమ్మకు చాచాడు. మా అమ్మ అంతవరకూ ఏ పరాయి మగవాడి చేయీ పట్టుకున్న మనిషి కాదు. ఆ రోజు పట్టుకుని రెండుసార్లు ఊపింది.

అతని బండి మీదే యుమ్మాను ఇల్లు చేర్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లు విప్పుతుంటే యుమ్మా నా గడ్డం పట్టి పైకెత్తింది. ఆవిడకు అన్నీ కనిపిస్తాయి. "నీ నాలుక ఎందుకు ఆగింది?" అని అడిగింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. సెప్టెంబరు సంగతి మొత్తం చెప్పేశాను, వెక్కుతూ. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామా ఈ నిర్ణయం అత్తకు చెప్పనే లేదని అప్పుడు తెలిసింది. యుమ్మా చాలాసేపు తన మోకాళ్ళ మీది తడి బొచ్చు పోగులు ఒక్కొక్కటే ఏరి పారేసింది.

వేసవికి లండన్‌లోనే ఉన్న మామా శనివారం మమ్మల్ని చూడటానికి వచ్చింది. భోజనం బల్ల దగ్గర యుమ్మా గొంతు పెంచకుండా అంది, "ఈ పిల్ల ఇకనుంచి నా గదిలో పడుకుంటుంది. దాని చదువు అయ్యేదాకా. ఖలాస్." మామా నావైపు, మా అమ్మవైపు చూసింది. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. మనసులో ఏదో లెక్క వేసుకుని, మంచం ఎటువైపు వేయాలి అని అడిగింది. ఆ రాత్రి అమ్మ నా పక్కన పడుకుని, "నేను అడగలేకపోతి పాపా" అంది. నేను ఆమె వైపు తిరిగి, "నేనూ మాట్లాడకపోతి కదా మా" అన్నాను.

మిగిలిన ఆరు వారాల్లో మా నడకలు ఎంత దూరం పోయాయో చెబితే ఆ డాక్టరు నమ్మలేదు. కాపరి మాకు తన కింది పొలం గేటు తెరిచి ఇచ్చాడు. ఆగస్టు వచ్చేసరికి కంచెల నిండా నల్లటి ముళ్ళపళ్ళు పండాయి. అమ్మ వాటిని కలివిపండ్లలాగే గిచ్చి, వాసన చూసి, నోట్లో వేసుకుని, వీటికంటే మనవే మేలు అంటూనే గిన్నెడు కోసేది. గొర్రెలు కనబడినప్పుడల్లా ఇద్దరూ ఆగేవాళ్ళు. అమ్మ ముఖాన తెల్ల మచ్చ ఉన్నదాన్ని చూపించి బొల్లిది అనేది, యుమ్మా దానికి ఎడారిలో ఏమంటారో చెప్పేది. గోధుమ చాయదాన్ని అమ్మ పుల్లది అంటే ఆవిడ దగ్గర దానికీ ఒక మాట. పళ్ళు చూసి వయసు చెప్పే మాటలు, నడక చూసి జబ్బు చెప్పే మాటలు, ఈనబోయేదానికి ఒకటి, ఈని బిడ్డను పోగొట్టుకున్నదానికి ఒకటి. తెలుగు మాట, అరబ్బీ మాట, ఒకదాని వెనక ఒకటి, అచ్చనగండ్లు ఎగరేసినంత తేలిగ్గా. అక్కడ నా అవసరం లేదు. నేను ముందు పరుగెత్తి గేట్లు తీస్తుండేదాన్ని.

యుమ్మా ఆ తర్వాత పదేళ్ళు, పోయేదాకా, తన కాళ్ళ మీదే తిరిగింది. నేను ఆవిడ గదిలోనే పన్నెండో తరగతి దాకా చదివాను, ఫార్మసీ చదవడానికి పోయి, తిరిగి ఇక్కడికే వచ్చాను. రుమైథియాలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దాని చోట ఆరంతస్తుల ఫ్లాట్లు లేచాయి, మా వెనక గది ఉన్న మూల కార్లు నిలుపుతారు. మామా వాళ్ళు వేరే చోటికి మారారు. నాన్న షుఐబా ఫ్యాక్టరీల కూలీల బస్సు నడుపుతున్నాడు, అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఫోనులో మ్యాపు తెరిచి చూస్తే గేట్ల ఊరి కాలిబాటలు ఇంకా చుక్కల గీతలుగా కనిపిస్తాయి. కాపరి కింది పొలంలో మాత్రం కొత్త ఇళ్ళ కప్పులు వరసగా ఉన్నాయి.

పోయిన నెల అమ్మను కూర్చోబెట్టి ఆ గొర్రెల మాటలన్నీ చెప్పమన్నాను, రాసిపెట్టుకుందామని. నాలుగు చెప్పి ఆగింది.

"మతికి రావడంల్యా పాపా. గొర్రె ఎదురుగా ఉంటే వస్చాయేమో."

సరేనని శుక్రవారం పొద్దున్నే కారులో కబ్ద్ వైపు తీసుకెళ్ళాను. అక్కడ ఎడారిలో రేకుల కొట్టాలు వరసగా ఉంటాయి, బంగ్లాదేశ్ కాపర్లు గొర్రెల్ని చూసుకుంటారు. అమ్మ కారు దిగి నేరుగా కంచెలోకి పోయింది. ఒక గొర్రె దవడ పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి పళ్ళు చూసింది.

"నాలుగు పండ్లది" అంది గట్టిగా, స్పష్టంగా.

నేను రాసుకున్నాను. తల ఎత్తేసరికి అమ్మ ఇంకా ఆ గొర్రె దవడ వదలలేదు. ముఖం పక్కకు తిప్పి, ఎవరో జవాబు చెప్పాల్సిన వైపు చూస్తూ, అరబ్బీలో రావాల్సిన రెండో మాట కోసం ఆగి ఉంది.